లెన్సు దిగని రింగు, గాలి పీల్చే మూత: ల్యాబ్ పరికరాల జాబులు చేసేటప్పుడు

మీరు అడిగింది ఇదీ. ఒంగోలులో మీకు ఒక లేత్, ఒక వీఎంసీ (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మెషీను) ఉన్న షాపు ఉంది. ఇన్నాళ్లూ రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, చీమకుర్తి గ్రానైట్ మెషీన్ల బుష్షులు చేశారు. ఇప్పుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ వాళ్ళు మూడు జాబులు తెచ్చారు. మొదటిది 25.4 మి.మీ. లెన్సు కూర్చునే అల్యూమినియం రింగు, బోరుకి (లోపలి రంధ్రానికి) 25.40 ±0.01 అని రాశారు. రెండోది వాక్యూమ్ చాంబర్‌కి 160 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు మూత, దానికి ఓ-రింగు (గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) గాడి, మీద ఒక కేఎఫ్25 పోర్టు (పంపు గొట్టం తగిలించే ప్రామాణిక నోరు). మూడోది కొత్తపట్నం వైపు చెరువులో వేలాడదీసే సెన్సరుకి గొట్టం. రింగు ఒకటి చేసి చూశారు. బోర్ గేజ్ ఎటు తిప్పినా 25.41 చూపిస్తోంది, లెన్సు కొలిస్తే 25.38 ఉంది, అయినా లెన్సు దిగడం లేదు. ఈ పని మనవల్ల అవుతుందా అన్నది ప్రశ్న.

అవుతుంది, ఒప్పుకోండి. మూడూ మీ మెషీన్ల మీద అయ్యే పనులే. కాకపోతే ఏరేటర్ షాఫ్టుకి సైజు వస్తే పని అయిపోయినట్టే, వీటికి కాదు. చక్‌లో పట్టి ఉన్నప్పటి సైజు వేరు, వదిలాక సైజు వేరు, ఏసీ ల్యాబ్‌లో బల్ల మీద ఉన్నప్పటి సైజు ఇంకా వేరు. మీ రింగుకి సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మూడు జాల చక్‌లో పల్చటి రింగుని బిగిస్తే జా తగిలిన మూడు చోట్లా గోడ లోపలికి నొక్కుకుంటుంది. అలా నొక్కుకుని ఉండగానే మీరు గుండ్రంగా బోరు చేశారు. చక్ వదలగానే ఆ మూడు చోట్లా గోడ బయటికి వచ్చేస్తుంది, జాల మధ్య భాగం లోపలికి జరుగుతుంది. బోరు గుండ్రం పోయి మూడు ఉబ్బుల ఆకారం అవుతుంది. ఇక్కడే గేజ్ మోసం చేస్తుంది. మూడు ఉబ్బుల ఆకారంలో ఒక ఉబ్బుకి సరిగ్గా ఎదురుగా ఉండేది లోపలికి జరిగిన చోటు. ఒక పక్క ఎంత పెరిగిందో ఎదుటి పక్క అంత తగ్గింది. రెండు ముక్కుల బోర్ గేజ్ ఆ రెండూ కలిపి కొలుస్తుంది కాబట్టి ఎటు తిప్పినా అదే 25.41. లెన్సు మాత్రం నిజమైన వృత్తం, లోపలికి వచ్చిన మూడు చోట్లా తగిలి ఆగిపోతుంది. గోడ ఒక్కో చోట 0.02 మి.మీ. లోపలికి వచ్చినా చాలు, లెన్సుకి మిగిలే దారి 25.37.

దీన్ని పట్టుకోవడం తేలిక. 25.36 సైజు ప్లగ్ (గుండ్రటి కడ్డీ) ఒకటి లేత్ మీద తిప్పుకుని రింగులో పెట్టి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకోండి. మూడు చోట్ల సన్నటి వెలుతురు గీతలు, వాటి మధ్య మూడు చోట్ల నలుపు కనిపిస్తే అనుమానమే లేదు. మూడు ముక్కుల ఇన్‌సైడ్ మైక్రోమీటరు ఉంటే ఒకసారి కొలిచి, 60 డిగ్రీలు తిప్పి మళ్ళీ కొలవండి. రెండు రీడింగులకీ తేడా వస్తే అదే జబ్బు. అన్నట్టు, లెన్సుని మామూలు మైక్రోమీటరులో గట్టిగా బిగించి కొలవకండి, అంచు పెచ్చు లేస్తుంది.

రెండో కారణం వేడి. కట్ అవగానే కొలిచారా? అల్యూమినియం మీటరుకి డిగ్రీకి దాదాపు 23 నుంచి 24 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పెరుగుతుంది. అంటే 25.4 మి.మీ. బోరు డిగ్రీకి 0.6 మైక్రాన్. జాబు 55 డిగ్రీల్లో, గేజ్ 32 డిగ్రీల్లో ఉంటే చల్లారాక బోరు దాదాపు 14 మైక్రాన్లు చిన్నదవుతుంది. ±0.01 అంటే మొత్తం కలిపి 20 మైక్రాన్లే. అందులో 14 వేడికే పోయింది.

ఇప్పుడు రింగు చేసే పద్ధతి. ముక్క కోసుకుని పట్టడం కాదు, రాడ్డు చివర మీదే చెయ్యండి. గట్టి రాడ్డుని చక్ ఎంత నొక్కినా, బయటికి చాచిన చివర ఆకారం మారదు. 40 మి.మీ. రాడ్డుని చక్ బయటికి 30 మి.మీ. వరకే ఉంచండి. ముందు ఫేసింగు (ముఖం చదును చేయడం), తర్వాత డ్రిల్లు, తర్వాత బయటి సైజు 0.5 వదిలి, లోపలి సైజు 0.5 వదిలి రఫ్. అక్కడ ఆగి చల్లారనివ్వండి. ఆ తర్వాత బోరు, లెన్సు ఆనే మెట్టు, లెన్సుని పట్టి ఉంచే రిటైనర్ రింగుకి చూడీ (మర), బయటి సైజు, అన్నీ అదే పట్టులో పూర్తి చేయాలి. ఒకే పట్టులో చేసినవి ఒకదానికొకటి సెంటరు తప్పవు, డయల్ పెట్టి వెతుక్కునే పని ఉండదు. అన్నీ అయ్యాకే పార్టింగు (రాడ్డు నుంచి కోసి వేరు చేయడం). వెనక ముఖం ఫేస్ చేయడానికి సాఫ్ట్ జాలని రింగు బయటి సైజుకే బోరు చేసుకుని, చుట్టూ ఆనేలా, చేత్తో తిరగకుండా ఉండేంత మాత్రమే బిగించండి.

చివరి సైజుకి వచ్చే తీరులో చాలామంది తప్పు చేస్తారు. 0.5 మిగిలితే 0.4 ఒకేసారి తీసి, చివరికి 0.1 తీస్తారు. బోరింగ్ బారు పెద్ద కట్‌కి ఎక్కువ వంగుతుంది, చిన్న కట్‌కి తక్కువ వంగుతుంది. అందుకే మొదటి కట్ చూసి వేసుకున్న లెక్క రెండో కట్‌కి సరిపోదు. 0.25 తీయండి, చల్లార్చి కొలవండి, ఎంత తేడా వచ్చిందో చూసుకుని మళ్ళీ అంతే 0.25 తీయండి. బారు రెండుసార్లూ ఒకేలా వంగుతుంది కాబట్టి సైజు చెప్పినట్టు వస్తుంది. స్టీలు బారు అయితే బయటికి చాచిన పొడవు దాని మందానికి నాలుగు రెట్లు దాటకూడదు, దాటితే బోరులో అలలు పడతాయి. అల్యూమినియానికి పదునైన, పాలిష్ చేసిన ఇన్సర్టే (టూలుకి బిగించే కోత ముక్క) వాడండి. స్టీలుకి వాడే కోటింగు ఇన్సర్టుకి లోహం అంటుకుని బోరు గీతలు పడుతుంది. 25 మి.మీ. బోరుకి 2500 ఆర్పీఎం, ఫీడు 0.05 నుంచి 0.08 బాగుంటుంది. క్రాస్ స్లైడ్ డయల్‌ని నమ్మడం కంటే, స్లైడ్‌కి 0.001 డయల్ ఒకటి ఆనించి పెట్టుకుంటే బ్యాక్‌లాష్ (స్క్రూలోని వదులు) బాధ తప్పుతుంది.

ఇంతకంటే ముఖ్యం ఆ ±0.01 గురించి ల్యాబ్ వాళ్ళతో మాట్లాడటం. మార్కెట్లో దొరికే 25.4 లెన్సులకి సాధారణంగా ఇచ్చే టాలరెన్సు ప్లస్ సున్నా, మైనస్ 0.1. ఒకటి 25.39 ఉంటుంది, ఇంకోటి 25.31 ఉంటుంది. లెన్సే పదో వంతులో ఊగుతుంటే బోరుని వందో వంతులో పట్టుకుని లాభం లేదు. పైగా 25.39కి చేసిన బోరులోకి 25.40 లెన్సు ఎలాగూ దిగదు. బోరు 25.45, ప్లస్ 0.03, మైనస్ సున్నా అని మార్చమనండి. ఏ లెన్సయినా దిగుతుంది, రిటైనర్ రింగు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. సెంటరు నిజంగా కీలకమైతే వాడబోయే లెన్సు సైజు ముందే తెలుసుకుని, దానికి 0.02 వదులుతో ప్రత్యేకంగా బోరు చేయాలి. అంతకంటే బిగువు వద్దు. మన 35 డిగ్రీల షాపు నుంచి 20 డిగ్రీల ఏసీ గదికి వెళ్తే అల్యూమినియం బోరు 9 మైక్రాన్లు ముడుచుకుంటుంది, గాజు మూడు మైక్రాన్లలోపే. మిగతా ఆరు మైక్రాన్లు గాజుని పిండుతాయి. బిగువుగా ఉన్న గాజులో ఒత్తిడి పుట్టి, పోలరైజ్డ్ కాంతితో చేసే ప్రయోగాలన్నీ తేడా కొడతాయి.

రిటైనర్ చూడీ మాత్రం కావాలనే కొంచెం వదులుగా ఉంచండి. బిగువుగా చేస్తే రింగు చూడీ చెప్పినట్టు కూర్చుంటుంది, వదులుగా ఉంటే లెన్సు ముఖాన్ని బట్టి కూర్చుంటుంది. మనకి కావాల్సింది రెండోది. రిటైనర్ లెన్సుని తాకే చోటు, వెనక మెట్టు తాకే చోటు ఒకే వ్యాసం మీద ఎదురెదురుగా ఉండాలి. ఒకటి లోపలగా, ఒకటి బయటగా ఉంటే బిగించినప్పుడు లెన్సు వంగుతుంది. మెట్టు అంచు మీద బర్ర్ (కోతలో మిగిలే లోహపు ముల్లు) ఉండకూడదు. గోరుతో గీసి చూస్తే తెలుస్తుంది.

నల్ల యానొడైజింగ్ (అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పెంచడం) అడిగితే దాని లెక్క ముందే వేసుకోవాలి. 10 మైక్రాన్ల పొరలో దాదాపు సగం లోహంలోకి, సగం బయటికి. కాబట్టి బోరు వ్యాసం 10 మైక్రాన్లు తగ్గుతుంది. చూడీకి దెబ్బ ఇంకా ఎక్కువ. 60 డిగ్రీల చూడీలో పిచ్ వ్యాసం (మర సగం ఎత్తు దగ్గరి వ్యాసం) ఒక ముఖం పెరుగుదలకి నాలుగు రెట్లు మారుతుంది, అంటే ఇక్కడ 20 మైక్రాన్లు. రింగుకీ రిటైనర్‌కీ రెంటికీ పొర పడితే 40. సన్న చూడీ అయితే మధ్యలోనే పట్టేస్తుంది. చూడీ వదులు పెంచడమో, ఆ భాగానికి పొర పడకుండా మూయించడమో చేయాలి.

కొలత గురించి ఒక మాట. డ్రాయింగ్‌లో రాసే సైజులన్నీ 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన సైజులు, అంతర్జాతీయ నిబంధన అది. ఒంగోలు ఎండల్లో 20 డిగ్రీలు మనకి కల. గది 20కి తేవక్కర్లేదు. జాబు, మైక్రోమీటరు, స్లిప్ గేజులు (కచ్చితమైన సైజు దిమ్మెలు) మూడూ ఒకే వేడిలో ఉంటే సగం సమస్య తీరినట్టే. చిన్న గది ఒకటి 25 దగ్గర నిలకడగా ఉంచి, జాబుని రాత్రంతా కొలత సామాను పక్కనే ఇనప సర్ఫేస్ ప్లేటు (కొలతకి వాడే చదును బల్ల) మీద వదిలేయండి. మిగతా సగం లెక్కతో తీరుతుంది. 100 మి.మీ. అల్యూమినియం జాబుని 35 డిగ్రీల్లో కొలిచారనుకోండి. జాబు 35 మైక్రాన్లు పెరిగింది, స్టీలు మైక్రోమీటరు కూడా 17 పెరిగింది. తేడా 18. రీడింగులోంచి 18 మైక్రాన్లు తీసేస్తే 20 డిగ్రీల సైజు. స్టెయిన్‌లెస్ స్టీలు జాబుకి ఇదే తేడా 9 దగ్గర వస్తుంది, మామూలు స్టీలుకి దాదాపు రాదు. కరెంటు పోయి ఏసీ ఆగిన గంటలో తీసిన రీడింగులు మాత్రం నమ్మకండి. మైక్రోమీటరుని చేత్తో పట్టుకుని అరగంట తిరిగినా అంతే, స్టాండులో పెట్టి కొలవండి.

దగ్గర్లోనే చీమకుర్తి ఉంది కదా, పాలిష్ స్లాబు ఒకటి తెచ్చి సర్ఫేస్ ప్లేటుగా వాడొచ్చా అన్న ఆలోచన రావడం సహజం. వద్దు. అద్దంలా మెరవడం వేరు, చదునుగా ఉండడం వేరు. స్లాబుని పాలిష్ చేసేది కంటికి నచ్చడానికి. మీటరు పొడవులో ఎంత వంగి ఉందో ఆ మెషీను పట్టించుకోదు. సర్ఫేస్ ప్లేటు గ్రానైటే అయినా, ఏసీ గదిలో రోజుల తరబడి లాపింగ్ చేసి, మైక్రాన్లలో కొలిచి, సర్టిఫికెట్‌తో ఇచ్చేది. చిన్నదైనా అసలుది కొనండి.

ఇక మూత. ముందు మెటీరియల్. స్టెయిన్‌లెస్ అని అమ్మేదంతా 304 కాదు. 202 కూడా అదే మెరుపుతో దొరుకుతుంది, ధర తక్కువ. అయస్కాంతం పరీక్ష రెండింటినీ విడదీయలేదు. పైగా అసలు 304 కూడా వంచిన చోట, కోసిన చోట కొద్దిగా అంటుకుంటుంది. హీట్ నంబరు (ఆ లోహం ఏ పోతలోదో చెప్పే సంఖ్య) ఉన్న మిల్లు సర్టిఫికెట్ అడిగి, ఆ నంబరు ప్లేటు మీద ఉందో లేదో చూసి తెచ్చుకోండి. వెల్డింగు ఉంది కాబట్టి 304ఎల్ లేదా 316ఎల్ తీసుకోవాలి. బాగా తెగుతుందని 303 వాడకండి. అందులో తెగడం కోసమే గంధకం కలుపుతారు, వెల్డు పగులుతుంది, వాక్యూమ్‌కి పనికిరాదు. అల్యూమినియంలోనూ ఇలాంటి గందరగోళం ఉంది. మన వ్యాపారులు హెచ్ఈ20 అంటే 6061, హెచ్ఈ30 అంటే 6082. రెండూ మీ రింగుకి పనికొస్తాయి, అయితే డ్రాయింగ్‌లో ఉన్నదే ఇవ్వండి, మార్చితే చెప్పి మార్చండి.

మందం గురించి బెంగ వద్దు. ఓ-రింగు లోపల 120 మి.మీ. వ్యాసం ఉంటే, దాని మీద గాలి నొక్కేది దాదాపు 115 కిలోల బరువు. 12 మి.మీ. స్టీలు మూత దానికి మధ్యలో మూడు మైక్రాన్లు వంగుతుంది, అంతే.

పని వరస తప్పితే మొత్తం పోతుంది. మొదట మూత రఫ్ చేయండి, ముఖాల మీద 1 మి.మీ. వదలండి. తర్వాత పోర్టు గొట్టం వెల్డింగు. ఆ తర్వాతే ఓ-రింగు ముఖం, గాడి ఫినిష్ చేయాలి. గాడి ముందే చేసి వెల్డింగుకి పంపితే మూత తట్టలా వంగి వస్తుంది, దాన్ని సరిచేయడానికి మెటీరియల్ మిగలదు. వెల్డు లోపలి వైపు, వాక్యూమ్ వైపు ఉండాలి. బయట మాత్రమే వెల్డు వేస్తే గొట్టానికీ మూతకీ మధ్య సందు వాక్యూమ్ వైపు తెరుచుకుని ఉంటుంది. అందులో చేరిన కూలెంటు, చెమ్మ రోజుల తరబడి ఊరుతూనే ఉంటాయి. టిగ్ వెల్డింగుతో, వెనక ఆర్గాన్ వాయువు పారిస్తూ (పర్జ్) వెయ్యమనండి. వెల్డు చుట్టూ శుభ్రం చేయడానికి మామూలు ఇనుముని రుద్దిన గ్రైండింగ్ చక్రం గానీ వైరు బ్రష్ గానీ తగలనివ్వకండి. ఆ ఇనుము రేణువులు స్టీలులో దిగబడి, మన ఉప్పు గాలికి వారంలో తుప్పు చుక్కలు లేస్తాయి. అప్పుడు నాసిరకం స్టీలు ఇచ్చారని మాట మీకే వస్తుంది.

ఓ-రింగు గాడి ఈ జాబుకి ప్రాణం. 3.53 మి.మీ. మందం ఉన్న రింగు తీసుకుంటే గాడి లోతు 2.57 నుంచి 2.72 మధ్య, వెడల్పు 4.0 నుంచి 4.2 మధ్య ఉంచండి. లోతు 2.65 పెట్టుకుంటే రింగు పావు వంతు నొక్కుకుంటుంది, గాడిలో 90 శాతం నిండుతుంది. రబ్బరు నొక్కితే ఆకారం మారుతుంది గానీ తగ్గదు. ఆ మిగిలిన పది శాతం చోటు లేకపోతే ఎంత బోల్టు బిగించినా మూత కూర్చోదు. వాక్యూమ్‌లో గాలి బయటి నుంచి లోపలికి నొక్కుతుంది కాబట్టి రింగు గాడి లోపలి గోడకి ఆనుకుని ఉండాలి. గాడి లోపలి వ్యాసాన్ని రింగు లోపలి వ్యాసం కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పెట్టి, రింగు కొద్దిగా సాగి పట్టుకునేలా చేయండి. ప్రెజరు జాబులకి ఇది తిరగబడుతుంది, అలవాటులో పొరపాటు పడేది ఇక్కడే.

ఆ గాడిని వీఎంసీలో ఎండ్‌మిల్‌తో చేయాలనిపిస్తుంది, ప్రోగ్రాం రెండు లైన్లే మరి. కుదిరినంత వరకూ లేత్ మీదే చేయండి. ఎండ్‌మిల్ అడుగున వదిలే చంద్రవంక గీతలు గాడిని అడ్డంగా దాటుతాయి. ఒక్కో గీతా రబ్బరు కింద నుంచి గాలి పోవడానికి ఒక కాలువ. లేత్ గీతలు గాడి వెంబడే చుట్టూ తిరుగుతాయి, ఎక్కడా అడ్డంగా దాటవు. అదే కారణంగా గాడి అడుగుని, ఎదురు ముఖాన్ని ఎమరీ పేపరుతో అడ్డదిడ్డంగా రుద్దకూడదు. నునుపు ఆర్ఏ (సగటు గరుకుతనం, మైక్రాన్లలో) 0.4 ఉంటే వాక్యూమ్‌కి మంచిది. ముక్కు వ్యాసార్థం 0.8 ఉన్న ఇన్సర్టు, 0.08 ఫీడుతో లెక్క ప్రకారం గీత లోతు ఒక మైక్రాన్, దాంట్లో 0.4 ఆర్ఏ సాధించవచ్చు. ఇన్సర్టు కొత్తది వాడండి. స్టెయిన్‌లెస్‌లో 0.02, 0.03 లాంటి రుద్దుడు కట్లు వేయకండి. టూలు కోయకుండా రుద్దితే పై పొర గట్టిపడి, తర్వాతి కట్‌లో టూలు జారుతుంది. చివరి కట్ 0.15 కంటే తగ్గకుండా, ఫీడు మధ్యలో ఆపకుండా పోనివ్వండి. గాడి పెట్టే ఫేస్ గ్రూవింగ్ టూలుకి బయటి పక్క క్లియరెన్సు ఆ వ్యాసానికి సరిపడా రుబ్బి ఉండాలి, లేకపోతే మడమ గోడకి రాసుకుంటుంది. 125 మి.మీ. వ్యాసం దగ్గర కార్బైడ్‌తో 230 ఆర్పీఎం, హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) టూలుతో 45 దాటకండి. గాడి పై అంచులు 0.1 మేర విరవండి, పదునుగా వదిలితే రబ్బరు తెగుతుంది.

కేఎఫ్25 పోర్టుకి బయటి వ్యాసం 40, క్లాంపు పట్టే వెనక ఏటవాలు 15 డిగ్రీలు, సెంటరింగ్ రింగు కూర్చునే గుంత 26.2. రెడీమేడ్‌గా దొరికే ఫ్లాంజిని కొని వెల్డు చేసుకోవడమే నయం. మీరు చేసే ఖర్చుకి అది చవక.

బోల్టు రంధ్రాలు ఓ-రింగుకి బయట ఉంటే ఏ గొడవా లేదు. ఓ-రింగు లోపల, అంటే వాక్యూమ్ వైపు ట్యాప్ చేసిన మూసిన రంధ్రం ఏదైనా ఉందేమో చూడండి. స్క్రూ బిగించాక దాని అడుగున గాలి చిక్కుకుంటుంది, చూడీ సందుల్లోంచి గంటల తరబడి కారుతుంది. లీకు డిటెక్టరుకి దొరకదు, ఎందుకంటే బయటి నుంచి లోపలికి దారి లేదు. రంధ్రం అడుగు దాకా పక్క నుంచి 1.5 మి.మీ. డ్రిల్లు వేయండి. లేదా స్క్రూ మధ్యలో ఆసాంతం 1 మి.మీ. రంధ్రం చేయండి. స్టెయిన్‌లెస్ చూడీలో స్టెయిన్‌లెస్ స్క్రూ పొడిగా బిగిస్తే అతుక్కుపోతుందని మీకు తెలిసిందే. వాక్యూమ్ వైపు గ్రీజు పెట్టలేం కాబట్టి వెండి పూత స్క్రూలు ల్యాబ్ వాళ్ళనే తెమ్మనండి.

శుభ్రం చేయడం అంటే నూనె గుడ్డతో తుడవడం కాదు. వేలిముద్రలోని జిడ్డు చాలు, వాక్యూమ్ దిగకుండా ఆపడానికి. ముందు 60 డిగ్రీల వేడి నీళ్ళలో డిటర్జెంటుతో, అల్ట్రాసోనిక్ ఉంటే అందులో. తర్వాత బాగా కడిగి, ఆఖరి జాలాడింపు డిస్టిల్డ్ వాటర్‌తో. మన బోరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు మచ్చలు వదులుతాయి, గాడిలో పడితే అదే లీకు. ఆ తర్వాత అసిటోను, దాని వెంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అసిటోనుని అల్ట్రాసోనిక్ తొట్టిలో పోయకండి, మంటలు లేస్తాయి. అక్కడి నుంచి పౌడరు లేని నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. షాపులో సిలికోన్ స్ప్రే వాడుతుంటే ఈ జాబు దగ్గరికి రానివ్వకండి, దాన్ని వదిలించడం నరకం.

లీకు చూడటానికి హీలియం డిటెక్టరు మీ దగ్గర ఉండదు, అవసరమూ లేదు. ల్యాబ్ వాళ్ళ పంపు, పిరానీ గేజ్ (వాక్యూమ్ కొలిచే గేజ్) చాలు. గాలి లాగి, వాల్వు మూసి, ప్రెజరు ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. ఐదు లీటర్ల చాంబర్‌లో 100 సెకన్లకి 0.01 మిల్లీబార్ పెరిగితే, 5 ని 0.01 తో గుణించి 100 తో భాగించండి: సెకనుకి 0.0005 మిల్లీబార్ లీటర్లు. సెకనుకి లీటరు లాగే రోటరీ పంపు పెడితే ఈ లీకు వల్ల నిలిచే ప్రెజరు 0.0005 మిల్లీబార్, ఆ పంపుకి ఇది లెక్కలోకి రాదు. అదే టర్బో పంపు (ఇంకా లోతైన వాక్యూమ్ ఇచ్చేది) పెట్టి మిల్లీబార్‌లో పదిలక్షో వంతు కావాలంటే ఈ మూత పనికిరాదు. అందుకే ఎంత వాక్యూమ్ కావాలో మొదటి రోజే అడిగి రాసుకోవాలి. ప్రెజరు నిమిషాల తరబడి తిన్నగా ఒకే వేగంతో పెరిగితే నిజమైన లీకు. మొదట గబగబా పెరిగి రానురాను నెమ్మదిస్తే లోపలి చెమ్మ, జిడ్డు, లేదా ఆ మూసిన రంధ్రాల గాలి. నిజమైన లీకయితే బయట జాయింటు మీద చోటు చోటుకీ దూదితో కొద్దిగా ఆల్కహాల్ రాస్తూ రండి. లీకున్న చోట తగలగానే గేజ్ ఒక్కసారి కదులుతుంది.

చెరువు గొట్టానికి మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలన్న మీ మొదటి ఆలోచన మార్చుకోండి. 304 ఉప్పు నీళ్ళలో గుంతలు పడుతుంది. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి మేలు, కానీ అది కూడా ఓ-రింగు కింద, క్లాంపు కింద, నాచు పట్టిన చోట తినుకుపోతుంది. స్టీలుని కాపాడే పొరకి ఆక్సిజన్ కావాలి, ఆ సందుల్లో నీళ్ళు కదలవు, ఆక్సిజన్ అందదు. కొద్ది లోతే కాబట్టి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేయండి. బాగా తెగుతుంది, తుప్పు లేదు. నైలాన్ వద్దు, నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. డెల్రిన్ అల్యూమినియం కంటే నాలుగు రెట్లు వేడికి పెరుగుతుంది. 40 మి.మీ. వ్యాసం 15 డిగ్రీలకి 0.06 మారుతుంది. మూత పక్కన పెట్టే ఓ-రింగుకి నొక్కుడు 20 శాతం దగ్గర ఉంచితే ఈ మార్పుని రబ్బరే భరిస్తుంది. రింగు దూరే నోటికి 15 నుంచి 20 డిగ్రీల ఏటవాలు ఇవ్వండి, లేకపోతే మూత పెట్టేటప్పుడే రింగు చెక్కుకుపోయి, నీళ్ళు వెళ్ళాక గానీ తెలియదు. సెన్సరు పెట్టే ముందు, ఖాళీ గొట్టంలో టిష్యూ కాగితం పెట్టి మూసి, బరువు కట్టి రాత్రంతా ఉప్పు నీళ్ళ డ్రమ్ములో ముంచి ఉంచండి. పొద్దున కాగితం పొడిగా ఉంటే ఇచ్చేయొచ్చు.

రేటు చెప్పేటప్పుడు మెటీరియల్, మెషీన్ గంటలు ఒక లెక్కగా, కొలత, శుభ్రం చేసే పని ఇంకో లెక్కగా రాయండి. ఈ జాబుల్లో కొలిచే టైము కోసే టైముతో సమానంగా పడుతుంది. అది రేటులో కలపకపోతే మూడో జాబుకే విసుగొస్తుంది. జాబుతో పాటు ఒక కాగితం ఇవ్వండి: ముఖ్యమైన ఆరేడు సైజులు, కొలిచినప్పుడు గది ఎన్ని డిగ్రీలు, మెటీరియల్ హీట్ నంబరు. మైక్రోమీటరు, స్లిప్ గేజులకి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయించి ఆ తేదీ కూడా వేయండి. మూతని గ్లవ్స్‌తో శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, ఓ-రింగు ముఖం మీద గట్టి ప్లాస్టిక్ పళ్ళెం పెట్టి కట్టండి. ఫాయిల్ లోపల టేపు, న్యూస్‌పేపరు ఏదీ తగలకూడదు. చేసిన రింగుని పారేయకండి. బోరు 25.45కి పెంచడానికి ల్యాబ్ వాళ్ళు ఒప్పుకుంటే, సాఫ్ట్ జాలలో చుట్టూ ఆనేలా పట్టి 0.04 తీస్తే సరిపోతుంది. అల్యూమినియంలో పదునైన ఇన్సర్టు అంత సన్న కట్ కూడా తీసుకుంటుంది. వదిలేశాక, చల్లారాక, 25.43 ప్లగ్ తనంతట తాను జారి దిగాలి.